నాగావళి చివరి పది కిలోమీటర్లు

బలరాముడు నాగలితో చాలు తీస్తే నాగావళి పారిందని, ఆ దారిలో ఆయన అయిదు చోట్ల శివలింగాలను ప్రతిష్ఠించాడని ఉత్తరాంధ్రలో చెప్పుకుంటారు. ఒడిశాలో పాయకపాడు, పార్వతీపురం వైపు గుంప, వంగర మండలంలో సంగాం, శ్రీకాకుళం పట్టణంలో కోటేశ్వరుడు, చివరగా కల్లేపల్లిలో మణినాగేశ్వరుడు. కల్లేపల్లి దాటితే ఇక సముద్రమే. జనం చెప్పుకునే కథలో నాగావళి సముద్రంలో కలిసేదాకా నదే. సాగునీటి లెక్కల్లో మాత్రం అది నారాయణపురం ఆనకట్ట దగ్గరే ఆగిపోతుంది. ఆనకట్ట దిగువకు పారేదంతా మిగులు నీటి కిందే జమ. వానాకాలంలో దాన్ని వరద ముప్పుగా చూస్తారు, మిగతా రోజుల్లో ఇసుక రీచ్‌గా, అంటే ఇసుక తవ్వుకునే చోటుగా చూస్తారు.

శ్రీకాకుళం వంతెనల నుంచి కల్లేపల్లి మొగ దాకా, అంటే నది సముద్రంలో కలిసే చోటు దాకా, సుమారు పది కిలోమీటర్లు. పట్టణం పెరిగేకొద్దీ ఎక్కువగా దెబ్బతింటున్నది ఈ ముక్కే. దీన్ని మురుగు సమస్యగా చూడటం మనకు అలవాటైంది. మురుగు ఉన్న మాట నిజమే. కానీ మొగను ఎక్కువగా దెబ్బతీస్తున్నది అందులోకి వచ్చి చేరే చెత్త కాదు, దానికి రావలసినవి రాకపోవడం. రావలసినవి రెండే: ఎండాకాలంలో కొంత మంచినీరు, వరదల్లో కొత్త ఇసుక. ఈ రెండూ పైనే ఆగిపోతుంటే, కింద ఎన్ని శుద్ధి కేంద్రాలు కట్టినా ప్రాణం లేని నీటిని శుభ్రం చేసినట్టే అవుతుంది.

మొగ ఎలా బతుకుతుంది

నది సముద్రంలో కలిసే చోట నీరు రోజుకు రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదులుతుంది. మత్స్యకారులు పోటు, పాటు అంటారు. పోటు మీద ఉప్పునీరు లోపలికి వస్తుంది. అది బరువు కాబట్టి అడుగునుంచి జారుకుంటూ వస్తుంది, నది నీరు దాని మీద తేలుతూ సముద్రం వైపు పోతుంది. ఈ రెండూ కలిసే చోటు ఒక్క దగ్గర నిలవదు. వానాకాలంలో నది బలంగా ఉంటే ఉప్పు మొగ బయటికి వెళ్లిపోతుంది, ఎండాకాలంలో లోపలికి జరుగుతుంది. కొంత ఉప్పు, కొంత తీపి ఉండే ఈ నీళ్లలోనే రొయ్య పిల్లలు, పీతలు, పండుగప్పలు పెరుగుతాయి. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల పోటు మీద మొగలోంచి లోపలికి వచ్చి, ఆటుపోట్ల బురదలో కొన్ని నెలలు పెరిగి, మళ్లీ సముద్రానికి పోతుంది. పండుగప్పకూ గుడ్లు పెట్టడానికి ఉప్పు నీరే కావాలి, పెరగడానికి మాత్రం నది కావాలి. రెంటికీ తలుపు మొగే. అది మూసుకుపోయినా, లోపలి నీరు పూర్తిగా ఉప్పుగానో పూర్తిగా మురుగుగానో మారినా, నష్టం ఆ పది కిలోమీటర్ల దగ్గర ఆగదు. బయట సముద్రంలో వేసే వలల్లోనూ కనిపిస్తుంది.

ఇక్కడ మన తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. విశాఖపట్నం నుంచి కళింగపట్నం దాకా ఆటుపోట్ల ఎత్తు తక్కువ. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా పోటుకూ పాటుకూ మధ్య తేడా ఒకటిన్నర మీటరు దాటదు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఇది పది మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అక్కడ సముద్రమే రోజూ వచ్చి మొగను కడిగి పోతుంది. ఇక్కడ సముద్రానికి ఆ బలం లేదు. పైగా అలలు తీరం వెంట ఇసుకను నెట్టుకుంటూ పోతాయి. సంవత్సరంలో ఎక్కువ నెలలు ఈశాన్యం వైపు, చలికాలంలో కొన్నాళ్లు నైరుతి వైపు. ఆ ఇసుక మొగకు అడ్డంగా దిబ్బ కడుతుంది. దాన్ని కోసి దారి తెరిచి ఉంచవలసింది నది ప్రవాహమే. గోదావరికి ఆ పని చేయగల నీరు చాలా ఉంది. నాగావళి చిన్న నది. కాస్త తగ్గినా మొగ మీద ఆ తేడా తెలిసిపోతుంది.

గోదావరి మొగ దగ్గర కోరింగలో ఉన్నట్టు ఇక్కడ విస్తారమైన మడ అడవులు కూడా లేవు. తీరం వెంట సరుగుడు తోటలు, మొగలి పొదలు, ఇసుక దిబ్బలు ఉన్నాయి. మడ అడవి ఉన్న చోట వేళ్లు బురదను పట్టుకుంటాయి, పిల్ల చేపలకు చాటు ఇస్తాయి, కొంత మురుగును కూడా పీల్చుకుంటాయి. ఆ రక్షణ తక్కువ కావడంతో నాగావళి మొగ మొత్తం భారం నీటి మీద, ఇసుక మీద పడుతుంది. అవి రెండూ ఉన్నంతకాలం చాలు. లేనప్పుడు పట్టుకోవడానికి మరొకటి లేదు.

నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి

నాగావళి ఒడిశా కలహండి జిల్లాలో లఖ్‌బహాల్ దగ్గర కొండల్లో పుడుతుంది. రాయగడ మీదుగా ఆంధ్రలోకి దిగుతుంది. మొత్తం పొడవు సుమారు 256 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం దాదాపు 9,500 చదరపు కిలోమీటర్లు. జంఝావతి, సువర్ణముఖి, వేగావతి, ఒట్టిగెడ్డ దీనికి వచ్చి కలుస్తాయి. వాన ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు వరకే. ఆ తర్వాత నదిలో ఉండేది కొండల ఊట, ఇసుకలో నిలవున్న నీరు, పొలాల నుంచి వచ్చే పల్లపు నీరు. జనవరి దాటితే ఇదే నది.

ఈ నీటి మీద తోటపల్లి దగ్గర 1908 నాటి పాత రెగ్యులేటరు ఉండేది. దాని స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీ 2015లో జాతికి అంకితమైంది. పాత ఆయకట్టు 64 వేల ఎకరాలకు తోడు సుమారు లక్షా ఇరవై వేల ఎకరాల కొత్త ఆయకట్టు దాని లక్ష్యం. దిగువన నారాయణపురం ఆనకట్ట కింద మరో 37 వేల ఎకరాలు. సువర్ణముఖి, వేగావతి నీళ్లను మడ్డువలస జలాశయం ఆపుతుంది. జంఝావతి మీద 2006లో రబ్బరు డ్యాం వచ్చింది. వీటిలో ఏదీ అనవసరమైన కట్టడం కాదు. వలసలకు పేరుపడ్డ జిల్లాలో ఒక కారు పంటకు నీరు ఖాయం కావడం చిన్న విషయం కాదు, ఆ నీటి కోసం దశాబ్దాలు ఎదురుచూసిన రైతులకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒక్కొక్క కట్టడాన్నీ విడివిడిగా ఆమోదించారు. అన్నీ కలిసి నది చివర ఏం చేస్తాయో ఒక్కచోట కూర్చుని లెక్క వేసే పని ఏ ప్రాజెక్టు కాగితాల్లోనూ భాగం కాలేదు.

ఏటా వరదల తర్వాత ఒక మాట వినిపిస్తుంది: ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయి అని. ఆ మాటతోనే తర్వాతి ప్రాజెక్టుకు వాదన మొదలవుతుంది. అందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆ టీఎంసీలన్నీ కొన్ని రోజుల వరదలో పోయినవి. ఏడాది మొత్తాన్ని ఒక అంకెగా చూపిస్తే నదిలో బోలెడు నీరు ఉన్నట్టు కనిపిస్తుంది. మార్చిలో మొగ దగ్గర నిలబడి చూస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. రెండోది, సముద్రంలోకి వెళ్లిన వరద నీరు కూడా పని చేసే వెళుతుంది. ఇసుక దిబ్బను కోస్తుంది, లోపల పేరుకున్న ఉప్పును, మురుగు బురదను బయటికి నెడుతుంది, తీరానికి కొత్త ఇసుక తెస్తుంది, సముద్రపు చేపల మేతకు కావలసిన సిలికా వంటి లవణాలను మోసుకెళుతుంది. సముద్రంలో మేత గొలుసుకు మొదటి మెట్టు అయిన డయాటమ్ అనే సూక్ష్మ జీవులకు సిలికా లేకపోతే గోడలే ఏర్పడవు. జలాశయాల అడుగున ఇది ఒండ్రుతో పాటు ఆగిపోతుంది.

జాతీయ జల విధానం 2012లోనే నది ప్రవాహంలో కొంత భాగాన్ని పర్యావరణ అవసరాలకు వదలాలని చెప్పింది. గంగకు ఎగువ భాగంలో 2018 అక్టోబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. నవంబరు నుంచి మార్చి దాకా ఆ నెలల సగటు ప్రవాహంలో 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, వానాకాలంలో 30 శాతం తప్పనిసరిగా వదలాలన్నది దాని సారం. ఆ అంకెలు సరిపోతాయా లేదా అన్న వాదన ఉంది. కనీసం అంకె అంటూ ఉంది. నాగావళి లాంటి నదికి అలాంటి చట్టబద్ధమైన కనీస ప్రవాహం నిర్ణయించలేదు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి నాగావళికి తెచ్చే అనుసంధాన కాలువను చేపట్టినప్పుడు కూడా గమ్యం నారాయణపురం ఆయకట్టే. రెండు నదుల నీరు కలిపినా మొగకు అందులో వాటా రాయలేదు.

ఇసుక

మొగ కథలో అన్నిటికన్నా తక్కువ అర్థమైనది ఇసుక. నీటి గురించి కనీసం మాట్లాడతారు. ఇసుకను ఇంటి సామానుగా చూస్తారు, అది నదిలో చేసే పనిని చూడరు.

తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లు వేల ఏళ్లుగా అరిగి నాగావళి, వంశధార ఇసుకగా మారాయి. శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలు ఉండటానికి కారణం ఇదే. అంటే కల్లేపల్లి, కళింగపట్నం బీచ్‌లు కొండల నుంచి నదులు మోసుకొచ్చి పోసినవి. అలలు ప్రతి రోజూ ఆ బీచ్ నుంచి కొంత ఇసుకను తీరం వెంట తీసుకుపోతాయి. నది పోసేది, అలలు తీసుకుపోయేది సమానంగా ఉన్నంతకాలం తీరం నిలకడగా ఉంటుంది. నది పోసేది తగ్గితే సముద్రం ఒడ్డునే తింటుంది. మొగకు రెండు పక్కలా ఉన్న మత్స్యకార గ్రామాలకు కోత భయం పట్టుకోవడానికి తుపాన్లు ఒక్కటే కారణం అనుకోవడం తేలిక. హుద్‌హుద్, తిత్లీ లాంటివి రెండు రోజుల్లో కోసేస్తాయి, అది కళ్లకు కనిపిస్తుంది. పైనుంచి ఇసుక రాక తీరం సన్నబడటం మాత్రం ఏళ్ల తరబడి జరుగుతుంది, ఏ వార్తలోకీ ఎక్కదు. సన్నబడిన తీరాన్నే తుపాను సులువుగా కోస్తుంది.

ఇసుక రెండు చోట్ల ఆగిపోతోంది. ఆనకట్టల వెనక కొంత, లారీల్లో కొంత. శ్రీకాకుళం జిల్లా ఇసుక ఆ జిల్లా అవసరాలకే కాదు, విశాఖపట్నం నిర్మాణాలకు కూడా పోతుందన్నది అందరికీ తెలిసిందే. అంటే నాగావళి మొగ మీద ఒత్తిడి తెస్తున్న నగరం పక్కనున్న శ్రీకాకుళం ఒక్కటే కాదు, వంద కిలోమీటర్ల దూరంలోని విశాఖ కూడా. ప్రభుత్వాల విధానాలు మారుతూ వచ్చాయి. 2016లో ఉచిత ఇసుక, 2019లో రద్దు, 2024లో మళ్లీ ఉచితం. ప్రతి మార్పులోనూ చర్చ ధర ఎంత, ఎవరు అమ్మాలి, రవాణా ఖర్చు ఎవరిది అన్న దాని మీదే జరిగింది. ఆ సంవత్సరం నది ఎంత ఇసుక తెచ్చింది, అందులో ఎంత తీయవచ్చు అన్న ప్రశ్న వెనకబడింది. 2016లో కేంద్రం ఇచ్చిన ఇసుక తవ్వకాల మార్గదర్శకాల్లో, 2020 నాటి పర్యవేక్షణ మార్గదర్శకాల్లో ఈ ప్రశ్నే ముఖ్యం. ఏటా కొత్తగా చేరే ఇసుకను బట్టే తవ్వకం పరిమితి ఉండాలని అవి చెబుతాయి.

తవ్వితే ఏమవుతుందో లెక్కతో చూడవచ్చు. ముతక ఇసుక ఒక క్యూబిక్ మీటరు తన సందుల్లో సుమారు 250 లీటర్ల నీటిని నిలవ ఉంచుకుని మెల్లగా వదులుతుంది. ఒక ట్రాక్టరు తొట్టిలో పట్టేది దాదాపు మూడు క్యూబిక్ మీటర్లు. కాబట్టి ప్రతి ట్రాక్టరు లోడుతో నదిలో ఏడెనిమిది వందల లీటర్ల నిలవ చోటు పోతుంది. ఒక్కసారి కాదు, మళ్లీ ఇసుక వచ్చి నిండేదాకా ప్రతి ఏడాదీ పోతుంది. శ్రీకాకుళం పట్టణం తాగేది నాగావళి ఇసుకలో వేసిన ఇన్‌ఫిల్ట్రేషన్ బావుల నీరే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆ బావుల్లోకి ఊరే నీటిని వడకట్టేది, దాచేది ఆ ఇసుకే.

ఉప్పు సంగతి ఇంకా సూక్ష్మం. తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే, ఉప్పునీరు దాదాపు నలభై మీటర్ల లోతున ఆగుతుందని భూగర్భ జల శాస్త్రంలో పాత సూత్రం ఒకటి ఉంది. అదే సూత్రం తిరగేస్తే, పైన ఒక మీటరు తగ్గితే కింద ఉప్పు నలభై మీటర్లు పైకి వస్తుంది. నేల పొరలను బట్టి అంకె మారవచ్చు, దిశ మారదు. నది గర్భాన్ని లోతుగా తవ్వితే చుట్టుపక్కల భూగర్భ మట్టం ఆ గుంత వైపు జారుతుంది. గర్భం సముద్ర మట్టం కన్నా కిందికి దిగిన చోటికి పోటు నీరు తేలిగ్గా చేరుతుంది. ఇంతకు ముందు మధ్యలో ఉన్న ఇసుక మెరక ఆపేది, ఇప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు.

ఎంత ఉప్పు కలిస్తే చాలు? సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. తాగేనీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాములు. వంద లీటర్ల మంచినీటిలో ఒకటిన్నర లీటరు సముద్రపు నీరు కలిస్తే ఆ గీత దాటిపోతుంది. నాలుకకు పెద్దగా తెలియకముందే నీరు ప్రమాణం తప్పుతుంది. మొగ వైపు గ్రామాల్లో బోర్లు ఒకటొకటిగా ఉప్పెక్కితే జనం కొంచెం లోపలికి వెళ్లి ఇంకో బోరు వేస్తారు, లేదా క్యాన్ నీళ్లు కొంటారు. అలా ఖర్చు ఇంటింటికీ పంచుకుపోతుంది. ఇసుక వల్ల ఎంత ఆదాయం వచ్చిందో చెప్పే లెక్కలో ఆ క్యాన్ డబ్బులు ఎక్కడా తీసివేయరు.

మురుగు

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాల జాబితా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి అయిదు నదులు అందులో ఉన్నాయి. గోదావరి, కృష్ణా, తుంగభద్ర, కుందూలతో పాటు నాగావళి, తోటపల్లి దగ్గర. ఒడిశా జాబితాలో కూడా నాగావళి ఉంది, జేకేపూర్ నుంచి రాయగడ వరకు. రెండూ అయిదో తరగతివి, అంటే అన్నిటికన్నా తక్కువ తీవ్రత ఉన్నవి. నీటిలోని సేంద్రియ వ్యర్థం కుళ్లడానికి పట్టే ఆక్సిజన్‌ను బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. అయిదో తరగతి అంటే 3 నుంచి 6 మధ్య.

తక్కువ తీవ్రత అని ఊరట పడటానికి లేదు. ఆ కొలతలు పైనివి. శ్రీకాకుళం మురుగు కలిసేది ఆ తర్వాత. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణం లక్షా పాతిక వేలు దాటింది. 2015లో నగరపాలక సంస్థ అయింది, చుట్టుపక్కల పంచాయతీలు కలిశాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం ప్రకారం నీరు ఇస్తే, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందన్న మామూలు లెక్క ప్రకారం, 2011 నాటి జనాభాకే రోజుకు కోటీ ముప్పై అయిదు లక్షల లీటర్ల మురుగు తేలుతుంది. ఇళ్ల వెనక కాలువల నుంచి గెడ్డల్లోకి, గెడ్డల నుంచి నదిలోకి అది దారి చూసుకుంటుంది. ఒకప్పుడు వాన నీరు మోసిన గెడ్డలు ఇవి.

పారే నదిలో పడిన మురుగుకూ, మొగ దగ్గర పడిన మురుగుకూ చాలా తేడా ఉంది. ముప్పై డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. అదే వేడిలో సముద్రపు నీరు ఆరుకు కాస్త పైన మాత్రమే. ఉప్పు పెరిగేకొద్దీ చేపలకు ఊపిరి తగ్గుతుంది, కాబట్టి అదే మురుగు అక్కడ ఎక్కువ హాని చేస్తుంది. పైగా మొగ పూడి ఉంటే అది బయటికి పోదు. పాటుతో కొంత కిందికి జరిగి, పోటుతో మళ్లీ పైకి వస్తుంది. రోజుల తరబడి అక్కడక్కడే తిరుగుతుంది. తీపి నీటి భాగంలో గుర్రపు డెక్క పెరగడానికి కావలసిన ఎరువు అదే ఇస్తుంది. తొలి వరదకు ఆ డెక్క కొట్టుకొచ్చి ఉప్పు తగలగానే చచ్చి, మొగ దగ్గర కుళ్లి, మిగిలిన ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. సరిగ్గా రొయ్య పిల్లలు లోపలికి రావలసిన సమయంలో.

తీరం వెంట రొయ్యల చెరువుల నుంచి వచ్చే నీరు కూడా ఇందులో కలుస్తుంది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక ఉత్తరాంధ్ర తీరంలో కూడా చెరువులు పెరిగాయి. తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం 2005 నుంచే ఉంది. పట్టుబడి తర్వాత చెరువు నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదు. చెరువు వేసిన ప్రతి చోటా ఆ శుద్ధి చెరువు ఉందో లేదో చూడటం పెద్ద శాస్త్రం కాదు, తనిఖీ పని.

వల ఎండిన నెలలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఆ రోజుల్లో మోటారు లేని తెప్పలకు, విసురు వలలకు, ఒడ్డున పీతలు, గుల్లలు ఏరుకునే ఆడవాళ్లకు ఆసరా ఇవ్వవలసింది మొగే. నదిలో నీరు అతి తక్కువగా ఉండేది, మొగ ఎక్కువగా పూడేది, లోపలి నీరు ఎక్కువగా కంపుకొట్టేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. సముద్రం మూసిన రోజుల్లో నది కూడా మూసుకుంటోంది. సర్కారు ఇచ్చే నిషేధకాలపు భృతి సముద్రంలో వేట ఆగడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మొగ చావడం వల్ల పోయిన కూలిని లెక్కించే పథకం లేదు.

193 కిలోమీటర్లతో జిల్లాల విభజనకు ముందు రాష్ట్రంలో అతి పొడవైన తీరం ఉన్న జిల్లాగా శ్రీకాకుళాన్ని చెప్పుకునేవారు. అంత తీరం ఉండి కూడా ఇక్కడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు కూలీకి పోతారు. 2018 నవంబరులో అక్కడి బోట్లలో వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారుల సంగతి రాష్ట్రమంతా విన్నదే. వలసకు కారణాలు చాలా ఉన్నాయి. హార్బర్లు లేకపోవడం, అప్పులు, పెద్ద బోట్ల పోటీ. మొగ పూడిపోతే తెప్ప బయటికి తీయడమే ప్రాణాపాయమవుతుంది, అలలు విరిగే దిబ్బ మీద బోల్తా పడుతుంది. కాబట్టి మొగను కూడా ఆ జాబితాలో రాయాలి. ఈ మాట వలసల మీద మాట్లాడేవాళ్లు ఎందుకో చెప్పరు.

నాగావళి, వంశధార మొగల మధ్య తీరానికి దగ్గరగా శ్రీకూర్మం ఉంది. కూర్మావతారానికి గుడి కట్టుకున్న నేల అది. చలికాలం చివర్లో ఆ తీరం మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ గుడ్లను ఏరి హేచరీల్లో పొదిగించి పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. మంచి పని. ఆ తాబేలుకు కావలసింది మెత్తగా, వెడల్పుగా, పోటు తగలనంత ఎత్తుగా ఉన్న ఇసుక ఒడ్డు. నది దాన్ని పోయడం మానేస్తే హేచరీ ఎన్నాళ్లు ఆదుకుంటుంది?

ఎవరి పని

మొగ దగ్గర పారే నీటి మీద జలవనరుల శాఖకు అధికారం ఉంది, కానీ దాని పని ఆయకట్టుతో ముగుస్తుంది. ఇసుక గనుల శాఖది. మురుగు నగరపాలక సంస్థది. 2010లో పాలకవర్గం గడువు ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలు లేక అధికారుల పాలనలోనే నడిచిన పట్టణం ఇది. నదిలో గెడ్డ కంపు కొడుతోందని నిలదీయడానికి వార్డు మనిషి కూడా లేని పరిస్థితి. చేపలు మత్స్యశాఖవి, తాబేళ్లు అటవీ శాఖవి, నీటి నాణ్యత కాలుష్య మండలిది, తీరం కోస్టల్ రెగ్యులేషన్ జోన్ అధికారులది. పైభాగం ఒడిశాది. ఒక్కొక్కరూ తమ ముక్క వరకు సరిగ్గా చేసినా మొగ చచ్చిపోవచ్చు. ఇది నిర్లక్ష్యం కన్నా కష్టమైన సమస్య. తప్పు చేసినవాడు ఒకడు దొరకడు.

అయినా పట్టుకోవడానికి ఒక కొస ఉంది, అది చట్టంలోనే ఉంది. తీర నియంత్రణ నోటిఫికేషన్ నదుల్లోకి కూడా వస్తుంది, ఆటుపోట్లు ఎంత దూరం వస్తే అంత దూరం. ఆ దూరాన్ని ఎలా నిర్ణయించాలో కూడా అందులో రాసి ఉంది: ఏడాదిలో అతి ఎండిన రోజుల్లో నీటిలో ఉప్పు లీటరుకు అయిదు గ్రాములు ఉన్న చోటు వరకు. అక్కడి దాకా నదికి రెండు ఒడ్డుల్లో, 2011 నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్లు లేదా నది వెడల్పు, 2019 నోటిఫికేషన్ ప్రకారం 50 మీటర్లు లేదా నది వెడల్పు, ఏది తక్కువైతే అది నియంత్రణ కిందికి వస్తుంది. పటం ఒకసారి గీసి ఊరుకుంటే ఆ గీత అక్కడే ఉంటుంది. ఉప్పు మాత్రం ఉండదు. నీరు తగ్గి, ఇసుక పోయి, ఉప్పు పైకి జరిగిన ప్రతి ఏడాదీ చట్టం కూడా దానితో పాటు పైకి జరగాలి.

కాబట్టి కొలవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. నీటిలో ఉప్పును చూపించే కండక్టివిటీ మీటరు చేతిలో పట్టుకునేంత చిన్నది, ఏ కాలేజీ ల్యాబులోనైనా ఉంటుంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఈ నదికి దగ్గరలోనే ఉంది. నది ప్రవాహాన్ని కేంద్ర జల సంఘం శ్రీకాకుళం దగ్గర ఎప్పటినుంచో కొలుస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో అమావాస్య, పౌర్ణమి పోటు పూర్తిగా ఎక్కిన వేళ, కల్లేపల్లి నుంచి పట్టణం వంతెనల దాకా కిలోమీటరుకు ఒక చోట, పైన ఒకసారి, అడుగున ఒకసారి నీరు తీయాలి. అడుగున తీయడం ముఖ్యం, ఉప్పు ముందు అక్కడే వస్తుంది. అవే రోజుల్లో ఇన్‌ఫిల్ట్రేషన్ బావుల్లో క్లోరైడ్ కూడా చూడాలి. ఆ అంకెలను కల్లేపల్లి, పట్టణం వార్డు సచివాలయాల్లో బోర్డు మీద రాసిపెట్టాలి. రబీకి నారాయణపురం నుంచి నీటి విడుదల నిర్ణయించే సమావేశంలో గత వేసవి ఉప్పు గీత ఎక్కడ ఆగిందో చెప్పే కాగితం ఒకటి బల్ల మీద ఉండాలి. గీత పైకి జరిగితే ఆ మేరకు కొంత నీరు కిందికి వదలాలి, ఆ గీత లోపలికి వచ్చిన ఇసుక రీచ్‌ల అనుమతులు మరుసటి ఏడాదికి నిలిపివేయాలి.